పాఠకుల ప్రశ్నలు: రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో అంచుల సంగతి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ గురించినవే ఎక్కువ. గడ్డతో పాటు రోగం పూర్తిగా బయటికి వచ్చిందో లేదో తెలిసేది ఎలా అన్నదే దాదాపు అందరి సందేహం కాబట్టి, వాటన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అక్కకు 46 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ ఉంటే రొమ్మును ఉంచి గడ్డ వరకే తీశారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు బయటికి వచ్చి "మొత్తం వచ్చేసిందమ్మా" అన్నారు. పది రోజుల తర్వాత రిపోర్టులో "కింది అంచు పాజిటివ్" అని రాశారు. మళ్లీ ఆపరేషన్ చేయాలంటున్నారు. మొదటిసారే సరిగా తీసి ఉంటే ఈ బాధ ఉండేదా? ఇది డాక్టరుగారి పొరపాటు కాదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గండం గడిచిందనుకున్న ఇంట్లో పది రోజులకే మళ్లీ థియేటర్ మాట వినిపిస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. మీ కోపం నాకు అర్థమవుతోంది. అయినా మీరు రాసినదాన్ని బట్టి దీన్ని నిర్లక్ష్యమని నేను అనలేను. రొమ్మును ఉంచి చేసే ఆపరేషన్లలో, బాగా పేరున్న సెంటర్లలో కూడా, సుమారు అయిదుగురిలో ఒకరికి రెండోసారి కోయవలసి వస్తోంది. డాక్టరుగారు "మొత్తం వచ్చేసింది" అన్నది తన కంటికి, చేతికి తెలిసినంత వరకు నిజమే. ఆ మాటకు "రిపోర్టు వచ్చాక ఖాయంగా చెబుతాను" అని కలిపి ఉంటే మీకు ఇంత దెబ్బ తగిలేది కాదు, అది వారు చెప్పవలసిన మాటే.

కంటికి, చేతికి ఎందుకు తెలియదో చెబుతాను. వేలికి గట్టిగా తగిలేది గడ్డ నడిమి భాగం. అంచుల దగ్గరికి వచ్చేసరికి క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న కొవ్వులోకి, పాలనాళాల వెంట, సన్నని పోగుల్లా పాకి ఉంటాయి. పొలంలో తుంగను పీకినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: మొక్క చేతిలోకి వస్తుంది, దుంప మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. ముఖ్యంగా పాలనాళాల లోపలే ఉండే తొలిదశ క్యాన్సర్‌కు గడ్డ అంటూ ఉండకపోవచ్చు, రంగులో కూడా పక్కనున్న మంచి కండకు దానికి తేడా ఉండదు. సర్జన్ తన అనుభవంతో, ముందు తీసిన మామోగ్రామ్, అల్ట్రాసౌండ్‌ల సాయంతో ఒక గీత ఊహించుకుని కోస్తారు.

ఆ గీత సరిగ్గా పడిందో లేదో తేల్చేది పాథాలజిస్టు. తీసిన ముక్క సుమారు నిమ్మకాయంతో బత్తాయంతో ఉండే పసుపుపచ్చని ముద్ద. ఏ వైపు పైది, ఏ వైపు పక్కది అని గుర్తుండేందుకు సర్జన్ దానికి ఒక పొట్టి దారం, ఒక పొడుగు దారం కుట్టి పంపుతారు. ల్యాబ్‌లో ఆ ముద్ద పైభాగమంతటా ఒక్కో వైపుకు ఒక్కో రంగు ఇంకు పూస్తారు, ఆరనిస్తారు, ఫార్మలిన్‌లో నానబెడతారు, బిళ్లలుగా కోస్తారు, మైనంలో పెడతారు, చివరికి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని పొరలు తీసి గాజుపలక మీద పరుస్తారు. మైక్రోస్కోపులో చూస్తే ఆ ఇంకు అంచు వెంబడి ఒక గీతలా కనిపిస్తుంది. క్యాన్సర్ కణం ఆ గీతను తాకితే అంచు పాజిటివ్, తాకకపోతే నెగెటివ్. చుట్టుపక్కలకు పాకే క్యాన్సర్ విషయంలో ఇదే కొలమానమని అమెరికాలోని సర్జన్ల, రేడియేషన్ వైద్యుల సంఘాలు 2014లో నిర్ణయించాయి. నాళాల లోపలే ఉన్న క్యాన్సర్‌కు మాత్రం 2 మిల్లీమీటర్ల ఎడం కావాలని 2016లో చెప్పాయి. 2014 నిర్ణయానికి ఆధారమైన సమీక్షలో 33 అధ్యయనాలు, 28,162 మంది రోగుల వివరాలు ఉన్నాయి. అంచు పాజిటివ్‌గా వదిలేస్తే అదే రొమ్ములో రోగం తిరగబెట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని అందులో తేలింది. కాబట్టి మీ అక్కగారికి రెండో ఆపరేషన్ చెప్పడం సరైన సలహానే, దాన్ని వాయిదా వేయకండి.

అక్కడికక్కడే ముక్కను బాగా చల్లబరిచి, గడ్డకట్టించి మైక్రోస్కోపులో చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కొన్నిచోట్ల అలా చేస్తారు కూడా. కాని రొమ్ములో ఎక్కువ భాగం కొవ్వు. కొవ్వు సరిగా గడ్డకట్టదు, పల్చగా కోయబోతే చిరిగిపోతుంది. పైగా అంత పెద్ద ఉపరితలంలో నుంచి, రోగి మత్తులో ఉన్న ఆ కాసేపట్లో చూడగలిగేది కొద్ది భాగమే.

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆపరేషన్ మధ్యలోనే క్యాన్సర్ కణాలు వెలిగేలా చేసే మందు వచ్చిందని, దీన్ని "మాలిక్యులర్ ఇమేజింగ్" అంటారని మా మేడమ్ చెప్పారు. ఏది క్యాన్సర్ కణమో మందుకు ఎలా తెలుస్తుంది?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మంచి ప్రశ్న. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ వంటివి ఆకారాన్ని చూస్తాయి, అంటే గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నది. మాలిక్యులర్ ఇమేజింగ్ ఆ చోట జరుగుతున్న రసాయనాన్ని చూస్తుంది. క్యాన్సర్ కణం తన పనుల కోసం కొన్ని ప్రొటీన్లను మంచి కణం కన్నా ఎక్కువగా తయారు చేసుకుంటుంది. వాటిని ఆనవాలుగా పట్టుకుని, అవి ఉన్నచోట వెలుగు వచ్చేలా చేయడమే ఇందులోని కిటుకు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఆ ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీకి వెలిగే రంగును తగిలించి రక్తంలోకి ఎక్కించడం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్యులు బెవాసిజుమాబ్ అనే యాంటీబాడీతో రొమ్ము క్యాన్సర్‌లో ఈ పద్ధతిని పరీక్షించారు. ఇందులో చిక్కేమిటంటే రంగు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. క్యాన్సర్‌కు అతుక్కోని మందు ఒంట్లోంచి పోయేదాకా రోజుల తరబడి ఆగాలి, లేకపోతే అంతా ఒకేలా మెరుస్తుంది.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది. ఇందులో రంగు నిద్రపోతూ ఒంట్లోకి వెళుతుంది. దాన్ని ఒక చిన్న ప్రొటీన్ గొలుసుతో కట్టేసి ఉంచుతారు, ఆ గొలుసు ఉన్నంతసేపు వెలుగు రాదు. క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరే మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు కాథెప్సిన్లు, మాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్‌లు అనే ఎంజైములను ఎక్కువగా విడుదల చేస్తాయి. చుట్టూ ఉన్న కండ అల్లికను తెంచి దారి చేసుకోవడానికి ఈ ఎంజైములు కణితికి ఉపకరిస్తాయి. ఆ కత్తెరలే మన గొలుసును కూడా తెంచేస్తాయి, రంగు మేల్కొంటుంది. రోగం దారి చేసుకోవడానికి వాడే పనిముట్టే రోగాన్ని పట్టిస్తోందన్నమాట. ఈ ఆలోచన సాధ్యమేనని బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రాల్ఫ్ వైస్లెడర్ బృందం 1999లోనే ఎలుకల్లో చూపించింది. అదే సూత్రం మీద తయారైన పెగులిసియానిన్ అనే మందుకు, దాన్ని చూసే పరికరానికి కలిపి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. లూమిసైట్ పేరుతో అది అక్కడ అమ్మకంలో ఉంది.

వెలుగు ఎరుపు చివరి రంగుల్లోనే ఎందుకు ఉండాలన్నది మీ చదువుకు పనికొచ్చే సంగతి. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. సుమారు 650 నానోమీటర్లు దాటాక ఆ మింగుడు బాగా తగ్గుతుంది, 900 దాటితే నీరు అడ్డుపడుతుంది. ఆ మధ్యనున్న సందులోంచే కాంతి కండలోకి వెళ్లి తిరిగి రాగలదు, అదీ పైనున్న కొద్ది మిల్లీమీటర్ల మేరకే.

థియేటర్‌లో జరిగే తీరు ఇదీ. ఆపరేషన్‌కు 2 నుంచి 6 గంటల ముందు మందును నరంలోకి ఎక్కిస్తారు. సర్జన్ మామూలుగానే గడ్డను తీస్తారు. తర్వాత తీసిన ముక్కను పక్కన పెట్టి, రొమ్ములో మిగిలిన గుంట లోపలికి చేత్తో పట్టుకునే చిన్న ప్రోబ్‌ను పెట్టి, గోడలన్నీ ఒక్కో వైపుగా చూస్తారు. అనుమానం ఉన్నచోటు తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ పల్చని పొర ఒకటి చెక్కి తీసి, మళ్లీ చూస్తారు. పాథాలజిస్టు పరీక్షించేది బయటికి వచ్చిన ముక్కను, ఈ ప్రోబ్ వెతికేది ఒంట్లో మిగిలిపోయిన భాగాన్ని. రోగికి కావలసింది రెండోదే కదా. నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగించింది ఈ తేడానే.

ప్రశ్న: నాకు న్యూజెర్సీలో వచ్చే నెల లంపెక్టమీ, అంటే రొమ్మును ఉంచి గడ్డ వరకే తీసే ఆపరేషన్, ఉంది. ఈ వెలిగే మందు వాడతామని సర్జన్ చెప్పారు, సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాల్లో అలర్జీ గురించి పెద్ద హెచ్చరిక ఉంది. ఒప్పుకోవాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: నిర్ణయం మీదే, అంకెలు నేను చెబుతాను. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ బార్బరా స్మిత్ నాయకత్వంలో అమెరికాలోని 14 కేంద్రాల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 406 మందికి మందు ఇచ్చారు. వారిలో 357 మందికి మామూలు ఆపరేషన్ పూర్తయ్యాక గుంటను వెలుగుతో వెతికారు. 27 మందిలో, అంటే 7.6 శాతంలో, మామూలు పద్ధతిలో మిగిలిపోయిన క్యాన్సర్ దొరికింది. ఆ 27 మందిలో 22 మందికి అది దొరికిన వైపు అంచు మామూలు పరీక్షలో శుభ్రంగా ఉందని తేలినదే. ఈ ముక్క నన్ను ఆలోచనలో పడేసింది, ఎందుకంటే ఈ మందు లేకపోతే వారికి "ఆ వైపు అంతా బాగుంది" అనే రిపోర్టు చేతికి వచ్చి ఉండేది. మామూలు ఆపరేషన్ తర్వాత అంచు పాజిటివ్‌గా ఉన్న 62 మందిలో 9 మందికి రెండో ఆపరేషన్ తప్పింది.

ఇక రెండో వైపు. ఒక్కో అంచును విడిగా లెక్కేస్తే, క్యాన్సర్ ఉన్న అంచుల్లో ఈ పద్ధతి పట్టుకున్నది 49.3 శాతమే. అధ్యయనం మొదలుపెట్టేటప్పుడు పెట్టుకున్న లక్ష్యాల్లో ఈ ఒక్కటి అందలేదు. క్యాన్సర్ లేని అంచును లేదని సరిగా చెప్పింది 85.2 శాతం సార్లు, అంటే కొన్నిసార్లు మంచి కండ కూడా అనవసరంగా చెక్కవలసి వస్తుంది. దీన్ని బట్టి తెర మీద ఎరుపు కనిపించకపోయినంత మాత్రాన రోగం లేదని అనుకోకూడదు. పాథాలజీ రిపోర్టు కోసం ఆగవలసిందే, రెండో ఆపరేషన్ అవసరం రావచ్చన్న ఆలోచనకు మనసును సిద్ధం చేసుకోవలసిందే.

అలర్జీ హెచ్చరిక నామమాత్రంగా పెట్టింది కాదు. ఆ 406 మందిలో 6 మందికి ఇబ్బందులు తలెత్తడంతో మందు ఎక్కించడం ఆపేశారు, ఇద్దరికి తీవ్రమైన ప్రతిచర్య వచ్చింది. అందుకే దీన్ని అలాంటి ప్రతిచర్యకు వెంటనే వైద్యం చేయగలిగిన చోటే, మనిషిని కనిపెట్టుకుని ఉండి ఇస్తారు. గతంలో ఏ మందుకైనా, స్కాన్‌లో ఇచ్చే ఏ రంగుకైనా దద్దుర్లు గాని ఆయాసం గాని వచ్చి ఉంటే, అది ఎంత చిన్నదనిపించినా చెప్పండి. "చిన్నప్పుడెప్పుడో వచ్చింది, ఇప్పుడెందుకు" అని దాచుకునే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ.

ఇంకో రెండు మాటలు. మందు తర్వాత మూత్రం రంగు మారుతుంది, అది చాలామందికి జరిగేదే, కంగారు పడకండి. చంకలోని మొదటి లింఫ్ గ్రంథిని, అంటే రొమ్ము నుంచి పారే లింఫ్ ముందుగా చేరే గ్రంథిని, గుర్తించడానికి నీలం రంగు వాడే ఆలోచన ఉంటే, అది ఈ వెలుగు పరీక్షకు అడ్డం రాకుండా ఏం చేస్తారో సర్జన్‌ను అడగండి. అలర్జీ చరిత్ర లేకపోతే, మా ఇంట్లోవారికైతే నేను ఒప్పుకోమనే చెబుతాను.

ప్రశ్న: మా దగ్గర ఒక ఆస్పత్రివారు "ఆకుపచ్చ వెలుగు కెమెరాతో క్యాన్సర్ ఆపరేషన్" అని కరపత్రం పంచారు. మీరు చెప్పేది ఇదేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాకపోయే అవకాశమే ఎక్కువ. మన దగ్గర అలాంటి కెమెరాలతో వాడేది సాధారణంగా ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు. అది 1950ల నుంచి వైద్యంలో ఉంది, మంచిది, చవకైనది. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని మొదటి లింఫ్ గ్రంథిని వెతకడానికి, పునర్నిర్మాణంలో చర్మానికి రక్తం అందుతోందో లేదో చూడడానికి బాగా పనికొస్తుంది. అది రక్తం, లింఫ్ ఎటు పారితే అటు పోతుంది. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే గుణం దానికి లేదు. కరపత్రం పట్టుకెళ్లి "ఈ వెలుగు లింఫ్ గ్రంథి కోసమా, గడ్డ అంచు కోసమా?" అని నేరుగా అడగండి.

ప్రశ్న: ముందే పెట్ స్కాన్ తీయించుకుంటే అంచు ఎక్కడుందో తెలిసిపోదా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెలియదు. పెట్ స్కాన్ కూడా మాలిక్యులర్ ఇమేజింగే, కాని కొద్ది మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని అది విడదీసి చూపలేదు, మనం మాట్లాడుతున్నది కణాల స్థాయి సంగతి. పైగా స్కాన్‌లో చేతులు పైకెత్తో, ఎం.ఆర్.ఐ.లో బోర్లాగానో పడుకున్నప్పటి రొమ్ము ఆకారం, ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నప్పటి ఆకారం ఒకటి కావు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ను. నా భార్యకు రొమ్ములో 2 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. అంచులు, వెలుగులు, రెండో ఆపరేషన్లు, ఈ తలనొప్పంతా ఎందుకు? రొమ్ము మొత్తం తీసేయించుకుంటే ప్రాణానికి భద్రం కదా. అమెరికాలో ఉన్న మందు మా దాకా ఎప్పుడు వస్తుందని కూర్చుంటాం?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, మీ ఆందోళన న్యాయమైనదే. మొత్తం తీస్తే ప్రాణానికి ఎక్కువ భద్రమన్న నమ్మకాన్ని మాత్రం వైద్యం ఎప్పుడో పరీక్షించి చూసింది. ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి 701 మంది స్త్రీలతో, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1,851 మందితో 1970లలో ప్రారంభించిన అధ్యయనాలు 20 ఏళ్ల పాటు సాగి, 2002లో ఒకే వైద్యపత్రిక సంచికలో వెలువడ్డాయి. రొమ్ము మొత్తం తీసినవారు, గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినవారు ఒకే తీరుగా బతికారు. రొమ్మును ఉంచినందువల్ల ఆయుష్షు తగ్గలేదు.

అయితే రేడియేషన్ అన్న మాట మీద గట్టిగా నిలబడాలి. ఫిషర్ అధ్యయనంలో గడ్డ తీశాక రేడియేషన్ తీసుకున్నవారిలో 20 ఏళ్లలో అదే రొమ్ములో రోగం తిరగబెట్టింది 14.3 శాతం మందికి, తీసుకోనివారిలో 39.2 శాతం మందికి. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అని భయపడే ఆ చికిత్సే ఇక్కడ రొమ్మును కాపాడుతోంది.

వెలిగే మందు కోసం ఆపరేషన్‌ను ఒక్క రోజు కూడా ఆపకండి. దానికన్నా చవకగా, ఏ పరికరమూ లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. గడ్డను తీశాక, గుంట గోడల నుంచి చుట్టూ మరొక పల్చని పొరను ముందుజాగ్రత్తగా చెక్కి, విడిగా పరీక్షకు పంపడమే ఆ పని. యేల్ విశ్వవిద్యాలయంలో అనీస్ చాగ్పర్ బృందం 235 మందితో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఇలా చెక్కినవారిలో పాజిటివ్ అంచులు 34 శాతం నుంచి 19 శాతానికి, మళ్లీ ఆపరేషన్ చేయవలసిన అవసరం 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయి. ఎక్కడ చెక్కాలో తెలియక అన్ని వైపులా చెక్కడం కాబట్టి ఇది మాలిక్యులర్ ఇమేజింగ్ అంత గురి ఉన్న పద్ధతి కాదు, కొంత మంచి కండ కూడా పోతుంది. అయినా ఒక బ్లేడు, ఓపిక ఉన్న సర్జన్, శ్రద్ధ ఉన్న పాథాలజిస్టు ఉంటే అనంతపురంలో కూడా సాధ్యమే. తీసిన ముక్కకు థియేటర్ నుంచే ఎక్స్‌రే తీయించి, గడ్డగాని సున్నపు చుక్కలుగాని అంచుకు దగ్గరగా ఉన్నాయేమో చూడడం మరో మంచి అలవాటు. ఈ రెండూ చేస్తారా అని, ముక్కకు దారాలు కుట్టి, ఇంకు పూసి చూసే పాథాలజిస్టు ఉన్నారా అని సర్జన్‌ను అడగండి. ఇలా అడిగితే మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

మొత్తం తీయించుకోవడమే మేలైన సందర్భాలు లేకపోలేదు. ఒకే రొమ్ములో వేర్వేరు చోట్ల రోగం బాగా పరచుకుని ఉన్నప్పుడు, గతంలో అక్కడే రేడియేషన్ తీసుకుని ఉన్నప్పుడు ఆ సలహానే వస్తుంది. రేడియేషన్‌కు వెళ్లిరావడం కుదరనివారికి కూడా అంతే. గడ్డ తీశాక ఇచ్చే రేడియేషన్ ఇప్పుడు చాలామందికి 15 రోజుల విడతలతో, అంటే వారానికి 5 రోజుల చొప్పున మూడు వారాల్లో, ముగుస్తోంది. మీ ఇంటి నుంచి ఆ సెంటరుకు ఎంత దూరమో, మూడు వారాలు అక్కడ ఉండడానికి చోటు దొరుకుతుందో, ఆవిడతో ఎవరు ఉంటారో ముందుగా లెక్క చూసుకోండి. తర్వాత ఆవిడనే అడగండి. ఉత్తరమంతటా మీ అభిప్రాయం ఉంది గాని, ఆవిడ ఏమంటున్నారో ఒక్క మాట కూడా రాయలేదు.